గుయ్‌మనే మూలుగు: వాల్వు గిటారు అంప్లిఫయర్‌లో హమ్ము చరిత్ర

ఆగస్టు పదిహేను నాడు మన బడి ఆవరణలో అద్దె మైక్ సెట్ ఆన్ చేయగానే, 'హలో, మైక్ టెస్టింగ్' అనే మాట కంటే ముందు ఇంకొకటి వినిపించేది. గుయ్‌మని సన్నగా, ఎడతెగకుండా సాగే మూలుగు. మైక్ సెట్ వాళ్లు దాన్ని 'హమ్ము' అనేవారు. వాల్వు సెట్లు పోయి ట్రాన్సిస్టర్లు, ఐసీలు వచ్చాక ఆ మూలుగును దాదాపు మరిచిపోయాం. కానీ గిటారు వాయించేవాళ్ల లోకంలో వాల్వు పోలేదు. గట్టిగా మీటితే వాల్వు శబ్దాన్ని కాస్త నలిపి, గరుకు చేసి ఇస్తుంది. ఆ గరుకుదనమే వాళ్లకు కావాలి. అందుకని ఇప్పటికీ ఇంట్లో కూర్చుని వాల్వు అంప్లిఫయర్ కట్టుకునే కుర్రాళ్లు ఉన్నారు. కట్టి స్విచ్ వేయగానే వాళ్లకు మొదట వినిపించేది పాట కాదు, మన పాత హమ్మే.

దాన్ని తగ్గించడానికి ఇంజనీర్లు ముప్పై నలభై ఏళ్లు కష్టపడ్డారు. ఆ చరిత్ర తెలిస్తే ఇవాళ్టి పని సగం తేలికవుతుంది. తెలియకపోతే మనిషి ప్రాణానికే ముప్పు తెచ్చే ఒక అడ్డదారి దొరుకుతుంది. ఆ సంగతికి తరవాత వస్తాను.

మొదట్లో హమ్ము అనేదే లేదు. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడో ఎలక్ట్రోడును చేర్చి ఆడియాన్ అన్నాడు. ఆ తరవాత పదిహేను ఇరవై ఏళ్లు వాల్వు సెట్లన్నీ బ్యాటరీల మీదే నడిచాయి. ఫిలమెంటు వెలగడానికి ఒక బ్యాటరీ, ప్లేటుకు 45 లేదా 90 వోల్టుల బ్యాటరీ, గ్రిడ్‌కు ఇంకో చిన్నది. బ్యాటరీ నుంచి వచ్చేది నికార్సయిన డీసీ. అందులో ఎత్తుపల్లాలు లేవు, కాబట్టి మూలుగూ లేదు. కాకపోతే అవి ఖరీదు, బరువు. పైగా ఫిలమెంటుకు వాడే ఆమ్లపు బ్యాటరీ కారి హాల్లో తివాచీలు పాడవుతున్నాయని ఇల్లాళ్ల గోల. 1920లు సగానికి వచ్చేసరికి అమెరికా పట్టణాల్లో చాలా ఇళ్లకు కరెంటు ఉంది. గోడ ప్లగ్గు పక్కనే ఉండగా బ్యాటరీలెందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

గోడలోంచి వచ్చేది ఏసీ. అమెరికాలో సెకనుకు 60 సార్లు, మన దేశంలోనూ ఇంగ్లండులోనూ 50 సార్లు దిశ మారుతుంది. దాన్ని నేరుగా ఫిలమెంటుకు ఇస్తే రెండు చిక్కులు. సన్నని తీగ ప్రతి చక్రంలో రెండుసార్లు వేడెక్కి చల్లారుతుంది. అంతకంటే పెద్దది రెండో చిక్కు: ఫిలమెంటు ఒక కొస వోల్టేజి ఇంకో కొస కంటే పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ఆ ఫిలమెంటే కాథోడు కాబట్టి, గ్రిడ్ దృష్టిలో ఆ ఊగులాట కూడా ఒక సిగ్నలే. వాల్వు తన పని తాను చేస్తుంది, దాన్నీ పెంచి స్పీకర్‌కు పంపుతుంది.

దీనికి 1927లో ఆర్‌సీఏ కంపెనీ రెండు రకాల జవాబులిచ్చింది. 226 అనే వాల్వులో ఫిలమెంటును లావు చేసి 1.5 వోల్టులతోనే వెలిగేటట్టు చేశారు. లావు తీగ త్వరగా చల్లారదు, వోల్టేజి తక్కువ కాబట్టి ఊగులాటా తక్కువ. ఫిలమెంటు రెండు కొసల మధ్య ఒక రెసిస్టెన్సు పెట్టి, సరిగ్గా నడిమి బిందువును గ్రౌండు చేస్తే ఒక కొస పైకి లేచినంతా రెండో కొస కిందికి దిగుతుంది, రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి. రెండో జవాబు 227. ఇది అసలైన విప్లవం. ఇందులో వేడిచేసే తీగ వేరు, ఎలక్ట్రాన్లు విడిచే కాథోడు వేరు. తీగ లోపల ఉండి, చుట్టూ ఉన్న గొట్టాన్ని వేడిచేస్తుందంతే. గొట్టం బరువుగా ఉండడంవల్ల సెకనుకు నూరుసార్లు వేడెక్కి చల్లారే తీరిక దానికి లేదు. అంతకు రెండేళ్ల ముందే, 1925లో, కెనడాలోని టొరాంటోలో ఎడ్వర్డ్ రోజర్స్ బ్యాటరీ అక్కరలేని రేడియో అమ్మకానికి తెచ్చాడు. ఆ దారిని వ్యాపారం చేసి లోకమంతా పరిచింది ఆర్‌సీఏ.

నడిమి బిందువును గ్రౌండు చేయడంలోని ఉపాయాన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి. హమ్మును అడ్డుకోలేనప్పుడు, దానికి సమానంగా ఎదురుగా ఇంకో హమ్మును నిలబెట్టి రెండూ ఒకదాన్నొకటి తినేసేలా చేయడం. ఈ కథలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది.

ఫిలమెంటు సంగతి అలా సర్దుకున్నా ప్లేటు సంగతి మిగిలింది. ఏసీని రెక్టిఫయర్ వాల్వుతో ఒకే దిశకు తిప్పితే వచ్చేది చదునైన డీసీ కాదు, గుట్టలు గుట్టలుగా ఉండే డీసీ. మన 50 సైకిళ్ల కరెంటులో సెకనుకు 100 గుట్టలు. వాటిని చదును చేయడానికి కండెన్సర్లు కావాలి (ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో కెపాసిటర్లు). కాగితం కండెన్సర్ 2 మైక్రోఫారడ్‌లు ఉంటే ఇటుకంత పెట్టె, అంతకు తగిన ధర. 1920ల చివర, 30ల మొదట్లో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు వచ్చి 8 మైక్రోఫారడ్‌లను చేతిలో పట్టే డబ్బాలో పెట్టాయి. ఇంట్లో పెట్టుకోగల అంప్లిఫయర్ నిజానికి అప్పుడే పుట్టింది.

ఆ కాలపు స్పీకర్లలో శాశ్వత అయస్కాంతం ఉండేది కాదు, కరెంటు పారించి అయస్కాంతంగా చేసే పెద్ద చుట్ట ఉండేది. పొదుపరులైన ఇంజనీర్లు ఆ చుట్టనే పవర్ సప్లయిలో చోక్‌గానూ వాడుకున్నారు. ఒక దెబ్బకు రెండు పిట్టలు. కానీ ఆ చుట్టలో మిగిలిపోయిన గుట్టలు స్పీకర్ కాగితాన్ని కదిపి హమ్ము పుట్టించేవి. దానికోసం కొద్ది చుట్లున్న ఒక చిన్న కాయిల్‌ను స్పీకర్ కాయిల్‌తో సిరీస్‌లో, ఎదురు దిశలో కలిపారు. దాని పేరు హమ్ బకింగ్ కాయిల్, అంటే హమ్మును ఎదిరించే కాయిల్. మళ్లీ అదే ఉపాయం.

రేడియోలో ఆ కాస్త హమ్ము ఎవరికీ పట్టేది కాదు. వార్తలో పాటలో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. గిటారుతో అలా కుదరదు. గిటారులో స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం ఉంది. పైగా గిటారు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. 1930ల మొదట్లో జార్జ్ బోషాంప్ చేసిన పికప్‌తో రికెన్‌బాకర్ కంపెనీ 'ఫ్రయింగ్ పాన్' అనే హవాయన్ గిటారు తెచ్చింది. తీగ కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఫారడే సూత్రం, మన పదో తరగతి పాఠమే. కానీ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ఊగినా ఆ కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఏది గిటారు తీగో ఏది ట్రాన్స్‌ఫార్మరో దానికి తెలియదు.

వడపోసి తీసేద్దామా అంటే అదీ కుదరదు. గిటారులో అన్నిటికంటే మందమైన తీగ స్వరం సుమారు 82 సైకిళ్లు. ఆ తీగనే మూడో మెట్టు మీద నొక్కితే 98. మన దేశపు రెక్టిఫయర్ హమ్ము 100. అంటే హమ్ము సరిగ్గా గిటారు మంద్రస్థాయిలో, స్వరానికి ఒక పిసరు శ్రుతి ఎక్కువగా కూర్చుని ఉంది. దాన్ని కోస్తే పాటనూ కోసినట్టే. తంబూరా లేకుండానే శ్రుతి ఉంది, అపశ్రుతి అయినా, అని సరిపెట్టుకోవాలి.

ఇంట్లో కట్టుకునేవారు ఇవాళ్టికీ నమూనాగా పెట్టుకునే అంప్లిఫయర్ ఒకటుంది, ఫెండర్ చాంప్. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం నడిపినవాడు. 1950ల నడిమిలో వచ్చిన అతని 5ఎఫ్1 చాంప్‌లో మూడే వాల్వులు: ముందు 12ఏఎక్స్7, చివర 6వి6, రెక్టిఫయర్‌గా 5వై3. ఫిల్టర్ కండెన్సర్లు 16, 8, 8 మైక్రోఫారడ్‌లు. ఇంత తక్కువ సామానుతో అది హమ్మును ఎలా అదుపులో ఉంచిందో చూస్తే, పైసా పైసా లెక్కచూసుకునే రిపేరు మనిషి తెలివి కనబడుతుంది.

మొదటి కండెన్సర్ దగ్గర, మన 50 సైకిళ్ల మీద నడిపితే, గుట్టకూ పల్లానికీ మధ్య తేడా సుమారు 20 వోల్టులు ఉంటుంది. అది చాలా ఎక్కువ. అయినా 6వి6 ప్లేటుకు కరెంటు అక్కడినుంచే వెళ్తుంది. ఆ వాల్వు లోపలి ప్లేటు రెసిస్టెన్సు 50 కిలో ఓములకు పైన. దానితో సిరీస్‌లో ఉన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోడు దాదాపు అందులో పదోవంతు. కాబట్టి 20 వోల్టుల ఊగులాటలో ఎక్కువ భాగం వాల్వు మీదే పడి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ పదోవంతో దక్కుతుంది. తరవాతి మెట్టులో 10 కిలో ఓముల రెసిస్టరు, 8 మైక్రోఫారడ్‌ల కండెన్సరు. 100 సైకిళ్ల దగ్గర ఆ కండెన్సర్ అడ్డు సుమారు 200 ఓములు, అంటే ఊగులాట 50 రెట్లు తగ్గుతుంది. ఆ పైన 22 కిలో ఓముల మెట్టులో ఇంకో 110 రెట్లు. ఎక్కువ పెంచే మొదటి వాల్వుకు అందేసరికి 5,000 రెట్లకు పైగా తగ్గిన చదునైన డీసీ చేరుతుంది. ఎక్కడ సహించవచ్చో అక్కడ సహించి, ఎక్కడ కూడదో అక్కడే డబ్బు ఖర్చుపెట్టాడన్నమాట. మిగిలిన దాన్ని 8 అంగుళాల చిన్న స్పీకరు, వెనక తెరిచి ఉన్న చిన్న పెట్టె సరిగా పలకలేవు. అదీ లెక్కలోనే ఉంది.

ఈ సంగతి తెలియక చాలామంది మొదటి కండెన్సర్‌ను 100 మైక్రోఫారడ్‌లకు పెంచేస్తారు. హమ్ము తగ్గే మాట నిజమే. కానీ 5వై3 వంటి వాల్వు రెక్టిఫయర్ ప్రతి గుట్ట కొసన అంత పెద్ద కండెన్సర్‌ను నింపబోయి మీదికి తెచ్చుకుంటుంది. పెంచదలిస్తే రెండో, మూడో కండెన్సర్లను పెంచుకోవడం మేలు.

పెద్ద అంప్లిఫయర్లలో చివర రెండు వాల్వులను ఎదురెదురుగా నిలిపే పుష్-పుల్ పద్ధతి ఉంటుంది. సప్లయిలోని ఊగులాట రెండు వైపులకూ సమానంగా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో కొట్టుకుపోతుంది. ఫెండర్ బాస్‌మన్ ఇలాంటిదే. దాన్ని చూసే 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంవాళ్లు, బ్రిటన్‌లో దొరికే వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ పెట్టి, జేటీఎం 45 కట్టారు. ఆ తరవాతి మార్షల్ చరిత్ర హమ్ము కంటే హోరు చరిత్ర, దాన్ని వదిలేస్తున్నాను.

అంప్లిఫయర్‌లో ఎంత చేసినా గిటారు పికప్‌లో పుట్టే హమ్ము మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తీర్చినవాడు మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ అనే రేడియో ఇంజనీరు. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, ఒకదాని అయస్కాంత ధ్రువాన్ని తిప్పి, కలిపే దిశనూ తిప్పాడు. గిటారు తీగ సిగ్నల్‌కు ధ్రువం, దిశ రెండూ తిరిగాయి కాబట్టి రెండు కాయిల్స్ సిగ్నళ్లూ కూడుకుంటాయి. బయటి హమ్ముకు ధ్రువంతో పని లేదు, దిశ ఒక్కటే తిరిగింది, కాబట్టి అది కొట్టుకుపోతుంది. 1955లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1959లో వచ్చింది. దాని పేరు హంబకర్. పాత స్పీకర్లోని హమ్ బకింగ్ కాయిల్ మాటే కొంచెం మారి ఇక్కడికి వచ్చింది. ఫిజిక్స్ మాస్టార్లకు ఒక మనవి: లెంజ్ నియమం చెప్పేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ ఇస్తే వెనక బెంచీ కూడా వింటుంది.

అదే ఉపాయం ఇంట్లో కట్టేవాళ్ల చేతిలో ఖర్చు లేకుండా ఉంది. వాల్వు హీటర్లకు వెళ్లే రెండు వైర్లను గట్టిగా మెలిపెట్టడం. ఒక వైరులో పోయే కరెంటు రెండో వైరులో తిరిగి వస్తుంది కాబట్టి వాటి క్షేత్రాలు ఎదురెదురు. మెలిపెడితే బయటికి మిగిలేది స్వల్పం. ఆ కాలపు చవక అంప్లిఫయర్లలో కొన్నింట్లో ఒకే వైరు లాగి, రెండో కొసను చాసిస్‌కు కలిపి వదిలేసేవారు. వైరు ఖర్చు మిగిలింది, హమ్ము అదనం. ఇవాళ 6.3 వోల్టుల హీటర్ వైండింగు రెండు కొసల నుంచి చెరొక 100 ఓముల రెసిస్టరును గ్రౌండుకు కలుపుతున్నారు. 1927 నాటి నడిమి బిందువు ఉపాయమే ఇది. ఇంకా మిగిలితే ఆ బిందువును గ్రౌండుకు బదులు 40 వోల్టులు పైన ఉన్న డీసీకి కలిపితే, హీటర్ నుంచి కాథోడుకు కారే కొద్దిపాటి కరెంటు కూడా ఆగిపోతుంది.

ఇక ముందు చెప్పిన అడ్డదారి. 1950, 60లలో అమెరికా ఇళ్లలో చాలాచోట్ల రెండు పిన్నుల ప్లగ్గులే. ఎర్తు లేని అంప్లిఫయర్ ఎక్కువ హమ్ము చేస్తుంది. దాన్ని తగ్గించడానికి మెయిన్స్ వైరు ఒకదాని నుంచి చాసిస్‌కు 0.05 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఒక కండెన్సర్ పెట్టి, ఏ వైరు అన్నది మార్చుకోవడానికి స్విచ్ ఇచ్చేవారు. మన 230 వోల్టుల మీద అది బాగున్నప్పుడే మూడు మిల్లీ ఆంపియర్లకు పైగా చాసిస్‌లోకి వదలగలదు. తాకితే జివ్వుమంటుంది. లోపల షార్టయిందంటే చాసిస్, దానికి కలిసిన గిటారు తీగలు, అన్నీ లైవే. రిపేరువాళ్లు దానికి పెట్టిన పేరు 'డెత్ కెపాసిటర్'. పాత అమెరికా అంప్లిఫయర్ ఎవరికైనా దొరికితే ముందు తీసిపారేయవలసింది అదే.

మూడు పిన్నుల ప్లగ్గులు వచ్చాక ముప్పు తిరగబడింది. రెండు పరికరాలు రెండుచోట్ల ఎర్తయి, మధ్యలో షీల్డు వైరుతో కలిస్తే ఒక వలయం ఏర్పడి అందులో 50 సైకిళ్ల కరెంటు తిరుగుతుంది. ఎర్తు పిన్ను ఊడబీకితే ఆ హమ్ము చటుక్కున పోతుంది. ఎంత తేలికో అంత ప్రమాదం. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీద సరిగా ఎర్తు కాని మైకును తాకి కరెంటు షాకుతో చనిపోయాడు. ఒక చేయి గిటారు తీగల మీద, ఇంకో చేయి మైకు మీద ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుంది. మన ఊళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నా వెనక ఎర్తు వైరు ఉందో లేదో చూసేవారు తక్కువ. ఉత్సవం పందిళ్ల కింద తడి నేల మీద వైర్లు పరిచే చోట ఇది ఇంకా ముఖ్యం.

వలయపు హమ్ముకు అసలు మందు అంప్లిఫయర్ లోపలే ఉంది. రెక్టిఫయర్ నుంచి మొదటి కండెన్సర్‌లోకి కరెంటు ధారగా కాక, సెకనుకు నూరు పెద్ద కుదుపులుగా వెళ్తుంది. ఆ కుదుపులు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ నడిమి కొసకు చేరే దారిలో ఇన్‌పుట్ జాక్ గ్రౌండు కూడా ఉంటే, చాసిస్ రేకులోని అతి స్వల్ప రెసిస్టెన్సు చాలు, ప్రతి కుదుపూ మొదటి గ్రిడ్‌కు వినబడుతుంది. అందుకే మొదటి కండెన్సర్ గ్రౌండు కొసను నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ నడిమి కొసకు కలపాలి, అక్కడినుంచి మిగతా గ్రౌండులు వరసగా సాగి, చివర ఇన్‌పుట్ దగ్గర మాత్రమే చాసిస్‌ను తాకాలి. మెయిన్స్ ఎర్తుకు వేరే బోల్టు, దాన్ని ఎవరూ ఎప్పుడూ విప్పకూడదు.

మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో వాల్వులు తయారుచేసేది. ఆనాటి రేడియోల నుంచీ మైక్ సెట్ల నుంచీ మిగిలిన వాల్వులు ఇప్పటికీ హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల వెతికితే దొరక్కపోవు. ఈసీసీ83 అని ఉంటే అది 12ఏఎక్స్7కు యూరపు పేరే. వాల్వు పాతదైనా ఫరవాలేదు కానీ ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ పాతది వాడకండి, లోపల ఎండిపోయి ఉంటుంది. అటకమీది పాత సెట్టు ఇవాళ విపరీతంగా మూలిగితే మొదటి ముద్దాయి అదే. అమెరికాలోని మనవాళ్లు తెచ్చే అంప్లిఫయర్లతో ఇంకో చిక్కు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని 120కి దించుతుంది కానీ 50 సైకిళ్లను 60 చేయదు. కొలతలో పొదుపుచేసి చుట్టిన 60 సైకిళ్ల ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది, చుట్టూ ఎక్కువ క్షేత్రం చిమ్ముతుంది, హమ్ము పెరుగుతుంది.

కట్టిన సెట్టు మూలిగితే చెవితోనే సగం తేల్చుకోవచ్చు. లోతుగా, మెత్తగా ఉంటే 50, అంటే హీటర్ వైర్లో పికప్పో ఎర్తు వలయమో. కాస్త గరుకుగా, ఒక స్థాయి పైన ఉంటే 100, అంటే ఫిల్టరు లేదా గ్రౌండు దారి. వాల్యూమ్ తిప్పితే హమ్ము మారితే తప్పు వాల్యూమ్‌కు ముందు, మారకపోతే తరవాత. 12ఏఎక్స్7ను ఊడదీసినా హమ్ము అలాగే ఉంటే చివరి వాల్వు, సప్లయి చూడాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను బిగించే ముందు, దాని వైండింగుకు హెడ్‌ఫోన్ తగిలించి, కరెంటు ఇచ్చిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన దాన్ని నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక కోణంలో మూలుగు దాదాపు మాయమవుతుంది. అక్కడే రంధ్రాలు వేయాలి. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. వాటికి అడ్డంగా 220 కిలో ఓముల రెండు వాట్ల రెసిస్టరు ఒకటి శాశ్వతంగా పెట్టేయండి, నిమిషంలోపే ఖాళీ అవుతాయి. అయినా మీటరుతో కొలిచి చూశాకే చేయి పెట్టండి, అదీ ఒక్క చేయే.